అక్క కడుపులో నీరు

మా అక్క జన్మలో చుక్క సారా ముట్టలేదు. నేను ముట్టాను. రోజూ సాయంత్రం దవాఖాన మూశాక తహసీలు గుమాస్తాలతో కలిసి కూర్చుని ఇప్పసారా పదేళ్లకు పైగా తాగాను. కాలేయం పాడై చనిపోయింది మాత్రం ఆమె. ఎనభయ్యో ఏట కూడా పొద్దున్నే అన్నం అరిగించుకుని ఇది రాస్తూ కూర్చున్నది నేను.

మాది బస్తర్ సంస్థానంలో దక్షిణపు కొసన, శబరి ఏటికి దగ్గర్లో ఒక అంగడి ఊరు. ఏరు దాటితే మద్రాసు ఇలాకా. ఊరి పేరు రాయను, అక్కడ ఇంకా మావాళ్లు ఉన్నారు. మా తాత భద్రాచలం వైపు నుంచి ఉప్పు బస్తాలతో వచ్చి దుకాణం పెట్టాడు. ఉప్పూ బట్టా పొగాకూ ఇచ్చి, అడవిలో నుంచి వచ్చే చింతపండూ ఇప్పపూవూ కరక్కాయలూ తీసుకోవడం మా ఇంటి వ్యాపారం. నాన్న పోయాక దుకాణం చిన్నాన్న చూసుకున్నాడు. నాకు హిందీ రాయడం చదవడం వచ్చు కాబట్టి సర్కారు దవాఖానలో కంపౌండరు పని దొరికింది.

అక్క నాకంటే మూడేళ్లు పెద్ద. ఇరవై ఎనిమిదో ఏట భర్త పోయి, పిల్లలు లేక, మా ఇంటికి తిరిగి వచ్చింది. వచ్చిన నెలలోనే పెరడంతా ఆమె చేతికి వచ్చేసింది. అడవి ఊళ్ల నుంచి చింతపండు తెచ్చే దోర్ల తెగ ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని గింజ తీయించేది. వాళ్ల మాట వాళ్లకంటే గడగడా మాట్లాడేది. నా భార్యతో తెలుగు, దవాఖాన ప్యూనుతో హల్బీ, దోర్ల వాళ్లతో దోర్లి. నవ్వేది మాత్రం దోర్ల వాళ్లతోనే. మావాళ్ల ముందు విధవరాలు నవ్వితే దానికొక అర్థం తీసేవాళ్లు ఉండేవారు.

ఆ రోజుల్లో అడవి ఊళ్లలో ఒక చర్మపు జబ్బు ఉండేది. ఒంటి మీద మేడిపండ్లలా పుండ్లు లేచి, ముక్కులూ ఎముకలూ తినేసేది. దానికి సూదిమందు వచ్చింది. ఒక్క సూదికి వారం రోజుల్లో పుండ్లు ఎండిపోయేవి. మంత్రగాళ్లకు లొంగని జబ్బు సూదికి లొంగడం చూసి జనానికి సూది మీద గురి కుదిరింది. అంగడి రోజున భేజ్జి వైపు నుంచి కూడా పిల్లల్ని భుజాన వేసుకుని నడిచి వచ్చేవాళ్లు. దవాఖాన వసారా నిండిపోయి వరస రోడ్డు మీదికి పోయేది.

ఒకరికి సూది వేశాక ఇరవై నిమిషాలు మరిగించనిదే ఇంకొకరికి వాడకూడదని నియమం. హిందీలో రాసి గోడకు అంటించి ఉండేది. మాకున్నవి రెండు గాజు సిరంజిలు, ఆరేడు సూదులు. యుద్ధం వచ్చి కిరసనాయిలు దొరకడం కష్టమైంది. అందుకని పొద్దున ఒక్కసారి మరిగించేవాణ్ణి. తర్వాత మనిషికీ మనిషికీ మధ్య వేడినీళ్లలో ఆడించి, స్పిరిటు దూదితో తుడిచి వేసేవాణ్ణి. డాక్టరు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఇది కిరసనాయిలు మీదికి తోసేసి తప్పుకోగలను. కానీ కట్టెల పొయ్యి ఉంది, అడవి నిండా కట్టెలున్నాయి. నాకు ఓపిక లేదు, అంతే.

అట్లాంటి ఒక అంగడి రోజున మధ్యాహ్నం అక్క దవాఖానకు వచ్చింది. నాలుగు రోజుల నుంచి చలిజ్వరం. క్వినైను గోళీలు మింగితే వాంతి చేసుకుంటోంది. సూదైతే కడుపుతో పనిలేదని నేనే రమ్మన్నాను. పుండ్ల వాళ్ల వరస ఇంకా సగమైనా కాలేదు. అక్కను లోపలికి పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టాను. ఆమె రెక్క మీది కొంగు తీసి, నా చేతిలో ఉన్న సిరంజి చూసింది.

"మరగబెట్టాలె గదా తమ్మీ. గోడ మీద అట్లనే రాసుందని నువ్వే అన్నవు."

"ఇప్పుడే మరగబెట్టిన అక్కా."

ఆమె మొహం పక్కకు తిప్పుకుని చెయ్యి చాచింది. నేను సూది వేశాను. ఆమెతో నేనాడిన అబద్ధాలు చాలా ఉన్నాయి, సారా గురించే ఎన్నో. వాటిల్లో ఇదొకటని అప్పుడు అనుకున్నాను. నిజానికి అనుకోను కూడా లేదు. వరసలో తర్వాతి మనిషిని పిలిచాను.

జ్వరం తగ్గింది. మూడు నెలల తర్వాత ఆమెకు పసిరికలు వచ్చాయి. కళ్లు పసుపు, గోళ్లు పసుపు, అన్నం వాసన పడదు. మావాళ్లు నేల ఉసిరి నూరి మజ్జిగలో తాగించారు. ఏరవతలి నుంచి ఒక ముసలాయన వచ్చి మణికట్టు మీద వాత పెట్టిపోయాడు. నూనె మానిపించారు. నెల తిరిగేసరికి కళ్లు తెల్లబడ్డాయి. రంగు పోయింది కాబట్టి జబ్బు పోయిందనుకున్నాం. వాత పెట్టినాయనకు పేరొచ్చింది.

తర్వాత ఐదారేళ్లు ఆమె అందరిలాగే తిరిగింది. తొందరగా అలిసిపోయేది. అదొక్కటే. గింజలు తీస్తూ తీస్తూ గోడకు ఆనుకుని కళ్లు మూసుకునేది. నా భార్య దాన్ని బద్ధకం అంది. పళ్లు తోముకుంటే చిగుళ్లలో నుంచి రక్తం వచ్చేది. చిన్న దెబ్బ తగిలినా కమిలిపోయి పది రోజులు ఉండేది. అరచేతులు ఎర్రబడ్డాయి. ఎంత ఎరుపంటే, గోరింటాకు పెట్టుకుని కడుక్కున్నట్టు ఉండేవి. మా మేనత్త ఒకరోజు పెరట్లోకి వచ్చి ఆ చేతులు చూసింది.

"ముండమోసినదానికి గోరింటాకేందే?"

"గోరింటాకు కాదత్తా. చింతపండు పిసికీ పిసికీ అట్లయినయి."

అక్క నిజంగా అట్లాగే అనుకునేది. అత్త నమ్మలేదు. ఆమె వెంట వచ్చిన ఇద్దరాడవాళ్లూ నమ్మలేదు. ఊళ్లో మాట పుట్టింది ఆ చేతుల దగ్గరే.

మరుసటి ఏడు కడుపు పెరగడం మొదలైంది. చేతులూ మెడా చిక్కి పుల్లలయ్యాయి, కడుపు మాత్రం చీర కుచ్చిళ్లను ముందుకు నెట్టేది. నడుస్తుంటే చెయ్యి నడుముకు ఆనించుకునేది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, మొగుడు పోయి పదేళ్లు. ఇంక చెప్పాలా. నీళ్ల దగ్గర ఆమె పక్కన బిందె పెట్టడం మానేశారు. పెళ్లి పిలుపుకు వచ్చినవాళ్లు నాకూ నా భార్యకూ బొట్టు పెట్టి, "మీరిద్దరే రండ్రి" అని ఒత్తి చెప్పిపోయారు. మా చిన్నాన్న నన్ను దుకాణం వెనక్కు పిలిచి, "దవాఖానల పనిజేస్తవు. ఏదన్న మందుంటే చూడు. లేకుంటే జగదల్‌పూర్ పంపియ్" అన్నాడు. ఏ మందో నాకు అర్థమైంది.

ఆ సాయంత్రం నా భార్య అన్నం పెడుతూ అంది. "ఒక మాట చెప్త, కోపం చెయ్యొద్దు. వదిన బట్టలు నేనే ఉతుకుతున్న. ఏడాదిగా ఆమెకు నెల రావట్లె."

పదిహేనేళ్లుగా దవాఖానలో పనిచేస్తున్నవాణ్ణి. సారా తాగి తాగి ఇట్లాగే కడుపు ఉబ్బి, చేతులు పుల్లలై, అరచేతులు ఎర్రబడి వచ్చిన మగవాళ్లను ఎంతోమందిని చూశాను. ఆ రోగం గుర్తులన్నీ నా ఇంట్లో నాకు రెండు పూటలా కూడు పెడుతున్నాయి. కానీ ఆమె ఆడమనిషి, విధవ, తాగదు. కాబట్టి నాకూ ఊరివాళ్లందరికీ తోచిందే తోచింది.

మర్నాడు పొద్దున పెరట్లో చింతపండు ముందర కూర్చుని ఉంది. నేను పోయి ఎదురుగా గొంతుక్కూర్చున్నాను.

"అక్కా, నెల తప్పి ఎన్నాళ్లయింది?"

"ఏడాది దాటింది. నడి వయసొచ్చింది గదా తమ్మీ, ఆగిపోయిందేమో."

"ఎవరు అక్కా?"

"ఎవరు ఏంది?"

"నాతో చెప్పు. నేను ఎవరికీ చెప్ప. జగదల్‌పూర్ల తెలిసినవాళ్లున్నరు."

మొదట ఆమెకు అర్థం కాలేదు. అర్థమైనాక ఏడవలేదు, తిట్టలేదు. చేతులకంటిన చింతపండు నెమ్మదిగా తుడుచుకుంది. చీర కొంచెం పైకి జరిపి కాలు ముందుకు చాచి, మడమ పైన బొటనవేలితో నొక్కి తీసింది. వేలు దిగినంత గుంట పడింది. అది అట్లాగే ఉండిపోయింది.

"కాలుకు గూడ కడుపొస్తదా?" అంది.

అంతే. మళ్లీ చింతపండు అందుకుంది. ఆ రోజు నుంచి ఆమె నన్ను తమ్మీ అని పిలవలేదు. మాట్లాడేది, అన్నం పెట్టేది, ఏ పేరూ ఏ వరసా పెట్టకుండా.

పక్కనే కూర్చున్న ఒక దోర్ల ముసలామె మా తెలుగు సగం అర్థం చేసుకుని, నేను లేచి పోతుంటే ఆపింది. "మాకాడ అయితే మొగడు సచ్చినామె ఇంకొకన్ని జేసుకుంటది. బిడ్డొస్తే బిడ్డే. మీకేందయ్యా అంత ఏడుపు? ఆమెకు ఒంట్ల బాలేదు, చూడరాదా" అంది. ఊరు మొత్తం మీద అక్క జబ్బుపడిందని చూసింది ఆ ముసలామె ఒక్కతే. చింతపండు అమ్ముకునే మనిషి.

అదే రోజు డాక్టరును ఇంటికి తీసుకొచ్చాను. రాయ్‌పూర్ వైపు మనిషి, తెలుగు రాదు. అక్కను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, నా అరచేతి అంచును ఆమె కడుపు నడిమధ్యన నిలువుగా ఆనించి పట్టమన్నాడు. తను ఒకవైపు అరచెయ్యి పెట్టి, రెండోవైపు వేళ్లతో తట్టాడు. లోపలి నుంచి ఒక అల వచ్చి నా చేతికి కొట్టుకుంది. మళ్లీ తట్టాడు. మళ్లీ కొట్టుకుంది.

"బచ్చా నహీఁ హై" అన్నాడు నా మొహం చూసి. ఊళ్లో మాట ఆయన చెవిన కూడా పడిందన్నమాట. "పానీ హై. లివర్ ఖరాబ్." బిడ్డ కాదు, నీరు. కాలేయం చెడింది.

తర్వాత నన్ను బయటికి పిలిచి మెల్లగా అడిగాడు, మీ అక్క చాటుగా తాగుతుందా అని. లేదన్నాను. ఆయన తల ఊపాడు. నమ్మినట్టు లేదు. ఆ రోజుల్లో మా చదువుకు తెలిసింది అంతే. కాలేయం గట్టిపడి కడుపులో నీరొచ్చిందంటే తాగుడు.

నీరు తీయాలన్నాడు. దవాఖానకు తీసుకుపోయాం. బొడ్డు కింద సన్నటి గొట్టం దించితే కందికట్టు రంగులో నీరు వచ్చింది. మూడు బేసిన్లు నిండాయి. ప్యూను ఒక్కొక్క బేసిన్ మీద గుడ్డ కప్పి వెనక గుంటలో పోసి వచ్చాడు. గుడ్డ ఎందుకు కప్పాడో ఇప్పటికీ నాకు తెలియదు, శుభ్రం కోసమే అయి ఉంటుంది. అక్క కడుపు తగ్గించుకుని, బండిలో కూర్చుని ఇంటికి వచ్చింది. ఊరంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. దవాఖానకు పోయేటప్పుడు కడుపుంది, వచ్చేటప్పుడు లేదు. మధ్యలో గుడ్డ కప్పిన బేసిన్లు. తీయించేశారు అన్నారు. తమ్ముడే దగ్గరుండి తీయించాడు అన్నారు.

నేను ఇంటింటికీ పోయి చెప్పాను, నీరు అని. వింటున్నట్టు తల ఊపేవాళ్లు. పది రోజులకు కడుపు మళ్లీ నిండింది. అప్పుడన్నా నమ్ముతారనుకున్నాను. అప్పటికి వాళ్లకు ఆ కథ పాతబడిపోయింది. అన్న మాట వెనక్కు తీసుకోవడానికి మాత్రం ఎవరూ రాలేదు.

నీరు ఐదుసార్లు తీశాం. తీసినకొద్దీ మనిషి కరిగిపోయింది. వాత పెట్టిన ఏరవతలి ముసలాయన ఉప్పు మానమన్నాడు, మా డాక్టరు కూడా సరేనన్నాడు. ఉప్పుతో బతికిన ఇంట్లో ఆమెకు చప్పిడి కూడు. కొన్నాళ్లకు పగలంతా మగతలో ఉండేది. చేతులు ముందుకు చాపితే అరచేతులు రెక్కల్లా కొట్టుకునేవి. మాట తడబడింది. ఒక మధ్యాహ్నం నేను గ్లాసుతో నీళ్లు తీసుకుపోతే, నన్ను చింతపండు తెచ్చిన కొత్త మనిషి అనుకుంది. దోర్లిలో కుశలం అడిగి, అప్పట్లో నా చేతికున్న గజ్జి చూసి జాలిపడింది.

"మా తమ్ముడు దవాఖానల ఉంటడు" అంది. "పో. సూది మంచిగేస్తడు. నొప్పే తెల్వది."

మూడో రోజు మధ్యాహ్నం రక్తం కక్కుకుంది. పొద్దుగూకక ముందే పోయింది. సంస్థానం దేశంలో కలిసిపోవడానికి కొన్ని నెలల ముందు సంగతి ఇది. పాడె మొయ్యడానికి నలుగురు దొరకడం కష్టమైంది. అడవి ఊళ్ల ఆడవాళ్లు పదిహేను మంది దాకా వచ్చి, పెరట్లో గింజ తీయని చింతపండు గుట్ట చుట్టూ కూర్చుని వాళ్ల మాటల్లో ఏడ్చారు. మావాళ్లు పదకొండో రోజు భోజనానికి వచ్చారు. మా మేనత్త రెండోసారి పప్పు వేయించుకుంటూ, "పాపం, కడుపుల నీరొచ్చిందట గదా" అంది, ఆ మాట అప్పుడే విన్నట్టు.

నేను ఆ దవాఖానలోనే పని చేసి రిటైరయ్యాను. రాజులు పోయారు, జిల్లా వచ్చింది, సిరంజిలు మారాయి. అడవి ఊళ్ల నుంచి కడుపు ఉబ్బినవాళ్లు వస్తూనే ఉండేవాళ్లు. రిజిస్టరులో కారణం గడి ముందర నేను అడక్కుండానే తాగుడు అని రాసేవాణ్ణి. కొందరు తాగనని చెప్పేవాళ్లు. దోర్లవాడు తాగనంటే ఎవరు నమ్ముతారు.

ఎన్నో ఏళ్ల తర్వాత, నా భార్యకు గర్భసంచి ఆపరేషన్ చేయించాల్సి వచ్చి జగదల్‌పూర్ తీసుకుపోయాను. అక్కడ ఒక లేడీ డాక్టరు, ఆంధ్రా అమ్మాయి. ఆపరేషనుకు ముందు రక్తం పరీక్ష చేయిస్తూ, మీ ఇళ్లల్లో ఎవరికైనా పసిరికలు వచ్చాయా అని అడిగింది. అక్క సంగతి చెప్పాను. ఆ అమ్మాయి కలం పక్కన పెట్టి వింది. పసిరికలకు ముందు సూది వేయించుకుందా అని అడిగింది.

ఆ కుర్చీలో కూర్చుని ఆ అమ్మాయి నోటి నుంచి విన్నాను. పసిరికల్లో ఒకటి పాడునీళ్ల వల్ల వచ్చి పోయేది. ఇంకొకటి రక్తం నుంచి రక్తానికి పాకేది, ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే వచ్చేది. కంటికి కనబడనంత రక్తం చాలు. వచ్చిన రెండు మూడు నెలలకు కళ్లు పచ్చబడతాయి, తర్వాత తగ్గినట్టే ఉంటుంది. కొందరిలో మాత్రం లోపలే ఉండిపోయి కాలేయాన్ని కొంచెం కొంచెం గట్టి చేస్తుంది.

"లివర్ తొందరగా బయటపడదు తాతగారూ. నొప్పి ఉండదు. అలసటొక్కటే ఉంటుంది. కడుపులో నీరు చేరేసరికి చాలామటుకు పోయి ఉంటుంది. తాగుడు ఒక్కటే కారణం కాదు. తాగని వాళ్లకూ వస్తుంది."

ఇప్పుడైతే ఏం చెయ్యాలని అడిగాను. కొత్త సూది తప్ప వేయించుకోవద్దంది. మంగలి దగ్గర కొత్త బ్లేడు అడగమంది. ఇంట్లో ఒకరికి ఈ జబ్బుంటే మిగతావాళ్లందరూ రక్తం పరీక్ష చేయించుకోవాలంది. దీనికి టీకా వచ్చిందని, పిల్లలకు పుట్టగానే వేయించడం మేలని చెప్పింది. పసిరికలకు ఊరూపేరూ తెలియని వేళ్లూ పొడులూ మింగితే చెడిన కాలేయం ఇంకా చెడుతుందంది. సారా మాత్రం ఎవరికైనా విషమేనంది. నేను తల దించుకున్నాను. నా రక్తం కూడా పరీక్షించింది. నాకు ఏ జబ్బూ లేదు.

"మీ అక్కగారికి ఇదే అయిందని ఇప్పుడు గట్టిగా చెప్పలేం. అయి ఉండొచ్చు" అంది చివరికి. "మీరు బాధపడకండి. ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు."

"ఎందుకు మరగబెట్టాల్నో తెలియదమ్మా. మరగబెట్టాలని తెలుసు. ఆమె అడిగింది గూడ. మరగబెట్టిన అని చెప్పిన."

డాక్టరమ్మ మళ్లీ కలం అందుకుంది. తర్వాత, ఆ రోజు ఆ వరసలో ఇంకా ఎంతమంది ఉన్నారని అడిగింది.

"రోడ్డు దాక ఉన్నరు" అన్నాను. "మేం లెక్కపెట్టలేదు."